పక్కింటి చెట్టు నీడ: మనం అడిగేది ఎండ, చట్టం చూసేది కిటికీ

నెల్లూరులో పక్కింటి చెట్ల మీద తగాదాలు ఎండాకాలంలో రావు. మే నెలలో పక్కవాళ్ల కొమ్మ మన గోడ మీదికి వంగితే ఎవరూ ఏమీ అనరు, దాని కింద మంచం వాల్చుకుంటారు. గొడవ మొదలయ్యేది కార్తీకం నాటికి. ఈ జిల్లాకు వానలో పెద్ద భాగం అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. గోడలు చెమ్మ పడతాయి, పెరట్లో పాకుడు పడుతుంది, ఉతికిన దుప్పటి రెండు రోజులైనా ఆరదు. వాన వెనకబట్టి పొద్దు మొహం చూపించిన రోజున ఆ ఎండ కాస్తా పక్కింటి అశోక చెట్ల వరస మీదే ఆగిపోతుంది. అప్పుడు గోడ మీద నుంచి మాట వినిపిస్తుంది: "ఏందన్నా, మా ఇంటికి పొద్దే కనపడకుండా చేస్తివే!"

అక్కణ్నుంచి రెండు వాదనలు నడుస్తాయి. ఒకరు "మా స్థలం, మా చెట్టు, ఎంత ఎత్తయినా పెంచుకుంటాం" అంటారు. ఇంకొకరు "గాలీ వెలుతురూ మా హక్కు, కోర్టుకెళ్తే చెట్టు కొట్టేయిస్తాం" అంటారు. రెండూ సగం సగం నిజాలే. చిక్కు ఎక్కడుందంటే, మన చట్టం కాపాడేది కిటికీలోంచి, తలుపులోంచి ఏళ్ల తరబడి ఇంట్లోకి వస్తున్న వెలుతురుని. మనం పోట్లాడేది ఎక్కువగా వాకిట్లో, పెరట్లో, మిద్దె మీద పడే ఎండ కోసం. అంటే వడియాల కోసం, మిరపకాయల కోసం, ఆరేసిన బట్టల కోసం. ఈ తేడా తెలియకుండా ప్లీడరు దగ్గరికి వెళ్లినవాళ్లకు మొదటి వాయిదాకే నీరసం వస్తుంది. కాబట్టి చట్టం సంగతికి వెళ్లే ముందు, అసలు పోయింది ఏమిటో తేల్చుకోవాలి. అది తేల్చేది దిక్కూ, నెలా.

ఏ దిక్కున చెట్టు, ఏ నెలలో నీడ

నెల్లూరు సుమారు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, ఒంగోలు 15.5 డిగ్రీల మీద. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం నెల్లూరులో సూర్యుడు దక్షిణాన 52 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఆ లెక్కన 20 అడుగుల చెట్టు నీడ ఉత్తరం వైపు 15, 16 అడుగులు పరుచుకుంటుంది. జూన్ మూడో వారంలో అదే చెట్టు నీడ మధ్యాహ్నానికి మూడడుగులే, అదీ దక్షిణానికి. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు నడిమి దాకా మధ్యాహ్నపు సూర్యుడు నెల్లూరు వాళ్లకు నడినెత్తికి కాస్త ఉత్తరాన ఉంటాడు మరి. ఎండ అక్కర్లేని నెలల్లో నీడ మన మీద పడదు, ఎండ కావాల్సిన నెలల్లో వచ్చి పడుతుంది. దక్షిణం వైపు పొరుగువాళ్లు చెట్లు పెంచితే వచ్చే ఇబ్బంది ఇదే.

తూర్పు సంగతి వేరు. డిసెంబరులో పొద్దున ఎనిమిది, ఎనిమిదిన్నర మధ్య నీడ చెట్టు ఎత్తుకి రెండు నుంచి మూడు రెట్లు ఉంటుంది. తూర్పు హద్దు మీద 20 అడుగుల దడి ఉంటే 40 నుంచి 60 అడుగుల దాకా నీడే. మామూలు ఇంటి స్థలం పొడుగంతా అందులోనే పోతుంది. కానీ పదకొండు దాటేసరికి ఎండ వచ్చేస్తుంది. అంటే పోయింది రోజంతా కాదు, ఒక పూట. పడమటి చెట్టు సాయంత్రపు ఎండని ఆపుతుంది. కనిగిరి, మార్కాపురం వైపు ఏప్రిల్, మే నెలల్లో పడమటి గోడ ఎంత కాలుతుందో తెలిసినవాళ్లెవరూ దాన్ని నష్టమనరు. ఇక ఉత్తరం వైపు చెట్టు చలికాలంలో మన ఎండకి అడ్డమే కాదు. ఉత్తరపు పొరుగువాడి చెట్టు మీద "మా ఎండ పోయింది" అని తగువు పెట్టుకునేవాళ్లకు అసలు బాధ ఇంకోటి ఉండి ఉంటుంది: రాలే ఆకులో, వేళ్లో, ఎప్పటిదో పాత హద్దు పంచాయితీయో.

వాన లేని ఒక రోజు చూసుకుని పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, మూడింటికి ఒకే చోటు నుంచి ఫోన్లో ఫొటోలు తీస్తే చాలు, సగం వాదన తగ్గిపోతుంది. మిగిలిన సగానికి ఆ ఫొటోలే సాక్ష్యం.

ఇంగ్లండులో ఈ గొడవకి ఏకంగా ఒక చట్టమే ఉందని, మనకెందుకు లేదని అడిగేవాళ్లుంటారు. నిజమే, అక్కడ 2003 నాటి సంఘవ్యతిరేక ప్రవర్తన చట్టంలో ఎనిమిదో భాగం పూర్తిగా ఎత్తైన దడుల గురించే. రెండు మీటర్లు దాటి, ఏడాది పొడుగునా ఆకు నిలిచే చెట్లు కనీసం రెండు వరసగా ఉండి వెలుతురుని అడ్డుకుంటుంటే స్థానిక కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. ముందుగా పొరుగువారితో మాట్లాడి చూశామని చూపించాలి. కౌన్సిల్ ఎత్తు తగ్గించమని నోటీసు ఇవ్వగలదు కానీ, రెండు మీటర్ల కంటే కిందికి కత్తిరించమనీ, చెట్లు పీకేయమనీ చెప్పలేదు. లండన్‌లో డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు 15 డిగ్రీల ఎత్తుకే లేస్తాడు, అక్కడ 20 అడుగుల చెట్టు నీడ 75 అడుగులు పోతుంది. వాళ్లకు ఆ చట్టం ఎందుకు అవసరమైందో ఈ ఒక్క అంకె చెబుతుంది. మనకు అలాంటి చట్టం లేదు. చెట్టు ఎత్తు ఇన్ని అడుగులు దాటకూడదని పక్కింటివాళ్ల మధ్య కొలత పెట్టిన నిబంధన ఏదీ మన రాష్ట్రంలో అమల్లో లేదు. ఇల్లు కట్టేటప్పుడు చుట్టూ వదలాల్సిన ఖాళీ గురించి భవన నిర్మాణ నిబంధనలు చెబుతాయి, ఆ ఖాళీలో నాటిన చెట్టు ఎంత పెరగాలో అవి చెప్పవు.

వాస్తు పెట్టే తిరకాసు

మన దగ్గర ఎండ తగాదాలో కనిపించని మూడో మనిషి వాస్తు సిద్ధాంతి. పెద్ద చెట్లు దక్షిణం, పడమర దిక్కుల్లో ఉండాలి, ఉత్తరం, తూర్పు ఖాళీగా ఉండాలి, ఈశాన్యం మూతపడకూడదు అనేది అందరూ చెప్పే మాట. దీన్ని పొరుగింటి వైపు నుంచి చూడండి. నేను పద్ధతి ప్రకారం నా పడమటి హద్దు మీద ఎత్తుగా చెట్లు పెంచితే, నా పడమటి పొరుగువాడికి అవి తూర్పున ఉంటాయి. అతని పొద్దుటి ఎండ పోయింది, అతని లెక్కలో తూర్పు బరువెక్కింది. నా దక్షిణపు చెట్లు దక్షిణం ఇంటివాడికి ఉత్తరాన పడతాయి. అతనికి ఎండ నష్టమేమీ లేకపోయినా "ఈశాన్యం మూసేశారు" అనే టెన్షన్ మాత్రం పట్టుకుంటుంది. ఒకే పుస్తకం పట్టుకున్న ఇద్దరు పక్కపక్కన ఉంటే ఒకరి ఒప్పు రెండోవారికి తప్పవుతుంది.

ఒక్క చోట మాత్రం వాస్తూ, సూర్యుడూ ఒకే మాట చెబుతాయి. ఎవరికి వాళ్లు ఉత్తరం ఖాళీగా వదిలితే, వాళ్లకు ఉత్తరాన ఉన్న ఇంటికి చలికాలపు ఎండ దక్కుతుంది. ఈ లెక్కను పొరుగువారికి వాళ్ల భాషలోనే చెప్పొచ్చు. కానీ కోర్టులో "మా ఈశాన్యం మూతపడింది" అంటే పనికిరాదు. జడ్జి అడిగేది ఏ కిటికీ, ఎన్నేళ్లుగా, ఎంత వెలుతురు అని.

1882 నాటి చట్టం ఏమంటుంది

ఆ ప్రశ్నలు వచ్చేది భారత ఈజ్‌మెంట్ల చట్టం నుంచి. ఈజ్‌మెంట్ అంటే మన ఇంటి కోసం పక్కవాళ్ల స్థలం మీద మనకుండే దారి, వెలుతురు లాంటి హక్కు. 1882 జులై 1న అమల్లోకి వచ్చిన ఈ చట్టం మొదట్లో దేశమంతటికీ వర్తించలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ, సెంట్రల్ ప్రావిన్సులు, కూర్గు, ఈ మూడింటికే. నెల్లూరు అప్పుడు మద్రాసులో భాగం, 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాకి వెళ్లిన తాలూకాలూ అంతే. అంటే ఈ ప్రాంతానికి ఈ చట్టం మొదటి రోజు నుంచీ ఉంది. మన ప్లీడర్లకు ఇది కొత్త పాఠం కాదు.

15వ సెక్షన్ ప్రకారం, ఒక ఇంటికి వెలుతురుగానీ గాలిగానీ ఎవరి అడ్డూ లేకుండా, శాంతియుతంగా, హక్కుగా 20 ఏళ్లు వస్తే అది గట్టి హక్కవుతుంది. పక్క స్థలం ప్రభుత్వానిదైతే 30 ఏళ్లు. ఇక్కడ చాలామంది గమనించని మెలిక ఒకటుంది. ఆ 20 ఏళ్లు దావా వేయడానికి ముందు రెండేళ్ల లోపు దాకా నడిచి ఉండాలి. 1990లో కట్టిన ఇంటి కిటికీకి 2018 వరకు వెలుతురు వచ్చి, ఆ తర్వాత చెట్లు కమ్మేసి, ఇంటివాళ్లు ఊరుకుని, 2026లో తీరిగ్గా దావా వేస్తే ఆ పాత 28 ఏళ్లూ అక్కరకు రావు. అయితే చెట్టు అడ్డొచ్చినంత మాత్రాన లెక్క అక్కడితో తెగిపోదు. అడ్డు సంగతి తెలిశాక కూడా ఏడాది పాటు నోరెత్తకుండా సహిస్తేనే దాన్ని అంతరాయంగా లెక్కిస్తారు. కాబట్టి నోటిమాటగా అడగడంతో పాటు ఒక చిన్న ఉత్తరమైనా రాసి, తేదీతో దగ్గర ఉంచుకోవాలి. స్పీడ్ పోస్టులో పంపిన నోటీసయితే ఇంకా మేలు. వాట్సాప్ మెసేజ్ కూడా ఏమీ లేనిదానికంటే నయమే.

గోడకీ చెట్టుకీ తేడా వచ్చేది కూడా ఇక్కడే. గోడ నెలలో లేస్తుంది, లేచిన రోజు అందరికీ తెలుసు, ఆ తర్వాత అది పెరగదు. చెట్టు ఏ రోజున అడ్డమైందో ఎవరూ చెప్పలేరు. మొదటేడు కిటికీ చట్రం కింది దాకా వచ్చింది, మూడో ఏటికి సగం మూసింది, ఆరో ఏటికి గది చీకటి. 28వ సెక్షన్ ప్రకారం దక్కే హక్కు ఆ 20 ఏళ్ల పొడుగునా ఆ కిటికీలోంచి అలవాటుగా వచ్చిన వెలుతురు మేరకే. 20 ఏళ్లూ వేప కొమ్మల సందుల్లోంచి వడకట్టుకుని వచ్చిన వెలుతురైతే, ఆ వడకట్టిన వెలుతురు మీదే హక్కు. పూర్తి ఎండ కావాలని అడగడానికి లేదు. చెట్టు ముందా, కిటికీ ముందా అన్నది అందుకే మొదటి ప్రశ్న అవుతుంది. పాత పెళ్లి ఆల్బమ్‌లో ఇంటి ముందు తీసిన గ్రూప్ ఫొటో ఈ విషయంలో పదిమంది సాక్షుల కంటే బాగా మాట్లాడుతుంది.

ఇప్పుడు పెరడు సంగతి. 17వ సెక్షన్ సూటిగా చెబుతుంది: ఖాళీ స్థలానికి వచ్చే గాలి మీద, వెలుతురు మీద ఎన్నేళ్లు అనుభవించినా ఇలాంటి హక్కు పుట్టదు. మీ నాయనమ్మ 50 ఏళ్లు అదే పెరట్లో ఒరుగులు ఎండబెట్టి ఉండొచ్చు. పక్కవాళ్లు అశోక చెట్లు నాటి ఆ ఎండను ఆపేస్తే, పెరటి ఎండ పోయిందన్న ఒక్క కారణం మీద ఈ చట్టం కింద దావా నిలవదు. చదివినవాళ్లకు ఇది అన్యాయంగానే తోస్తుంది, నాకూ తోస్తుంది. కానీ ప్రతి ఖాళీ స్థలానికీ ఎండ హక్కు ఇచ్చేస్తే దాని దక్షిణాన ఎవరూ మిద్దె మీద మిద్దె వేసుకోలేరు. అప్పటి చట్టకర్తలు ఎంచుకున్న పక్షం ఇల్లు కట్టుకునేవాడిది.

కిటికీ హక్కు ఉన్నా, కాస్త వెలుతురు తగ్గిందని గెలవరు. నష్టం గట్టిదై ఉండాలని 33వ సెక్షన్ అంటుంది: ఇంటి విలువ తగ్గాలి, లేదా ఇంట్లో ఉండేవాళ్ల సుఖానికి చెప్పుకోదగ్గ భంగం కలగాలి, లేదా అక్కడ చేసుకునే వృత్తి మునుపటిలా సాగకుండా పోవాలి. ఇంగ్లండులో 1904లో కోల్స్ అనే వెలుతురు కేసులో ప్రభువుల సభ (అప్పటి అక్కడి పై కోర్టు) చెప్పిన సూత్రమూ ఇలాంటిదే: ఎంత పోయిందని కాదు, మిగిలింది మామూలు అవసరానికి సరిపోతుందా అని చూడాలి. మధ్యాహ్నం పన్నెండింటికి వంటింట్లో లైటు వేసుకోవాల్సి వస్తోంది, ముందు గదిలో కుట్టుమిషన్ పని ఆగిపోయింది అనగలిగితే వాదనలో బలం ఉంటుంది. "మునుపటంత ఎండ లేదు" అంటే బలం లేదు.

20 ఏళ్ల నిరీక్షణ అక్కర్లేని సందర్భం ఒకటుంది. మన ఊళ్లలో అదే ఎక్కువ కూడా. అన్నదమ్ములు భాగాలు పంచుకుంటారు, లేదా తండ్రి ఇల్లు అమ్మి పక్క ఖాళీ స్థలం తన కిందే ఉంచుకుంటాడు. అప్పటికే ఉన్న కిటికీకి ఆ స్థలం మీదుగా వెలుతురు వస్తుంటే, ఇల్లు అప్పటిలాగా అనుభవించడానికి అది అవసరమైతే, పత్రంలో వేరే మాట రాసుకోనంత వరకు ఆ వెలుతురు ఇంటితో పాటే వస్తుందని 13వ సెక్షన్ చెబుతుంది. కందుకూరు వైపు ఒక ఇల్లు మూడేళ్ల కింద ఇద్దరు అన్నదమ్ముల మధ్య పంపకమైంది అనుకుందాం. చిన్నవాడి వాటాలో ఇల్లు, పెద్దవాడి వాటాలో దక్షిణపు దొడ్డి. పెద్దవాడు ఆ దొడ్డి హద్దు మీద వెదురు గుబురుగా పెంచి తమ్ముడి కిటికీలు మూసేస్తే, తమ్ముడు 20 ఏళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోనక్కర్లేదు. పంపకం నాటికి ఆ కిటికీ ఉందని పత్రంలోనో ప్లానులోనో కనిపిస్తే చాలు. పంపకాల రోజున ఎకరాల లెక్క అంత శ్రద్ధగా రాసుకునేవాళ్లు గాలీ వెలుతురూ మీద ఒక్క వాక్యం రాసుకోరు.

కత్తి పట్టుకునే ముందు

కోపంతో పక్కవాళ్ల దడి మీద కత్తి వేయాలనిపించడం సహజమే. వేయకండి. వెలుతురు హక్కు నూటికి నూరుపాళ్లు మీదే అయినా, అడ్డును మీరే తొలగించుకోకూడదని ఈజ్‌మెంట్ల చట్టం 36వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. కోర్టు ద్వారానే వెళ్లాలి. పక్కవాళ్ల స్థలంలోకి దిగి చెట్టు కొడితే భారతీయ న్యాయ సంహిత కింద అక్రమ ప్రవేశం, ఆస్తి నష్టం కేసులకు దారి ఇచ్చినట్టే. కొట్టిన మాను తెచ్చుకుంటే దొంగతనం కూడా తోడవుతుంది, ఎందుకంటే నేల నుంచి వేరైన చెట్టు చరాస్తి. వేళ్లలో యాసిడ్, ఉప్పునీళ్లు పోసే తెలివితేటలూ ఇదే లెక్కలోకి వస్తాయి. ఎవరు పోశారో వీధంతా తెలిసిపోతుంది.

హద్దు దాటి మీ వైపు వచ్చిన కొమ్మ సంగతి వేరు. మీ స్థలంలో నిలబడి, హద్దు గీత దాకా దాన్ని కత్తిరించుకునే వీలు ఉందన్నది చాలాకాలంగా కోర్టులు ఒప్పుకుంటున్న సూత్రం. ఎన్నేళ్లు మీ మీదికి వంగి ఉన్నా ఆ వంగడానికి హక్కు పుట్టదు. అయితే కొట్టిన కొమ్మా, దాని కాయలూ చెట్టువాళ్లవే. ఉలవపాడు మామిడి కొమ్మ మీ మిద్దె మీద వాలినంత మాత్రాన కాయ మీది కాదు, పిలిచి ఇస్తే మర్యాద. ఇంకో జాగ్రత్త: 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద మన రాష్ట్రంలో చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి, కొన్ని జాతులకు మినహాయింపులు ఉన్నాయి. మోడు చేసే పెద్ద కొమ్మల పని పెట్టుకునే ముందు, అది మీ చెట్టే అయినా, మున్సిపాలిటీలోనో అటవీ శాఖ వాళ్లనో అడగడం మంచిది.

అసలు ఆ దడి ఎవరిదో ముందు తేలాలి. లేఅవుట్లలో ప్లాటు కొలతలు పత్రంలో ఉంటాయి, టేపు పట్టుకుంటే తెలిసిపోతుంది. పొలం గట్టు మీది చెట్టయితే సర్వేయరుతో కొలిపించుకోవచ్చు, దానికి ఎఫ్ లైన్ (హద్దు కొలత) దరఖాస్తు గ్రామ సచివాలయంలో పెట్టుకుంటారు. చిక్కంతా గ్రామకంఠం (ఊరి పాత నివాస స్థలం) ఇళ్లతో. అక్కడ చాలాచోట్ల ఇంటింటికీ సర్వే కొలతలు ఉండవు, దస్తావేజులోని చెక్కుబందీలే, అంటే నాలుగు వైపుల హద్దుల వివరమే ఆధారం. ఆ చెక్కుబందీలో "తూర్పు: ఫలానా వారి చిల్లకంప దడి" అని రాసి ఉంటే, ఆ దడి ఏనాడో పోయి ఇప్పుడు అక్కడ కోనోకార్పస్ వరస ఉంటే, హద్దు ఎక్కడన్నదే కొత్త తగువు. వెలుతురు కేసు అనుకుని వెళ్లినవాళ్లు హద్దు కేసులో పడేది ఇక్కడే.

కోనోకార్పస్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. కొన్నేళ్ల కింద తొందరగా పచ్చగా గోడ కడుతుందని అందరూ నాటారు. గుజరాత్ 2023లో దాన్ని నాటడం నిషేధించింది. ఎంత కొట్టినా అంతే వేగంగా మళ్లీ లేస్తుంది, కాబట్టి ఎత్తు తగ్గిస్తామని ఒప్పుకున్నవాళ్లు ఏడాదికి ఒకసారి కత్తిరిస్తే చాలదు. అశోకని నెత్తి కొడితే పక్కలకు కొమ్మలేస్తుంది, ఎత్తు ఆగుతుంది. సరుగుడు కత్తిరింపుకి లొంగుతుంది. కొబ్బరికి మాత్రం ఎత్తు తగ్గించడం అనేది లేదు, మొవ్వు కొడితే చెట్టు చస్తుంది. కొబ్బరి మీద ఒప్పందం అంటే మట్టలూ కాయలూ దింపడం మీదే.

సోలార్ వచ్చాక

ఈ మధ్య తగాదాకి కొత్త కారణం మిద్దె మీది సోలార్ పలకలు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ వస్తుండటంతో చిన్న ఊళ్లలోనూ పెట్టిస్తున్నారు. పలకలను వరసగా కలుపుతారు కాబట్టి ఒక్క పలక మీద పడిన కొబ్బరి మట్ట నీడ కూడా మొత్తం వరస ఉత్పత్తిని లాగేయగలదు. పలకల్లో ఉండే బైపాస్ డయోడ్లు కొంతవరకే ఆదుకుంటాయి. నిన్న పెట్టిన పలకకి 20 ఏళ్ల అనుభవం ఎక్కణ్నుంచి వస్తుంది? అందుకని పక్కవాడి చెట్టును ఆ కారణం మీద ఆపించడం ఇప్పుడు దాదాపు అసాధ్యం. పలకలు పెట్టించేవాళ్లు డిసెంబరు నీడ చూసుకుని, పక్కవాళ్ల మొక్క ఇంకో ఐదేళ్లకి ఎంత అవుతుందో ఊహించుకుని చోటు ఎంచుకోవాలి. ఏప్రిల్‌లో వచ్చి కొలిచి వెళ్లే ఏజెంటుకి దక్షిణపు నీడ కనిపించదు.

వాళ్లు ఎందుకు పెంచారు

ఇంతసేపూ ఎండ పోయినవాళ్ల వైపు నుంచే మాట్లాడాం. చెట్లు పెంచినవాళ్లని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే: "వాళ్లు పైన అంతస్తు వేసి మా పెరటి వైపు కిటికీలు పెట్టారు, మా ఆడవాళ్లు బట్టలు ఆరేసుకోడానికి కూడా ఇబ్బంది." నెల్లూరు వేదాయపాలెంలోనైనా, ఒంగోలు భాగ్యనగర్‌లోనైనా పాత పెంకుటిళ్లు కూలి మూడంతస్తులు లేచిన చోటల్లా వినబడే మాట ఇది. కొత్త మేడ కిటికీకి 20 ఏళ్లు లేవు, కాబట్టి దడి పెంచడాన్ని చట్టం తప్పుపట్టదు. ఈ తగువుకి దడి ఎత్తు మీద కాదు, కిటికీ మీద పరిష్కారం వెతకాలి. కింది సగానికి మసక అద్దం పెట్టిస్తే, గట్టు ఎత్తు పెంచితే, దడి ఆరడుగులకి దిగడానికి పక్కవాళ్లు ఒప్పుకోవచ్చు. ఖర్చు కూడా కోర్టు ఫీజు కంటే తక్కువే.

మాట కుదరకపోతే

అక్టోబరు వచ్చే ముందే మాట్లాడటం మేలు. దసరాకి ముందు కత్తిరిస్తే చలికాలపు ఎండ దక్కుతుంది, తుఫాను గాలికి కొమ్మలు విరిగి పడవు, ఎండాకాలానికి మళ్లీ నీడ పెరుగుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన వైపు చెట్లు కూలిన ఇళ్లవాళ్లకి ఈ లెక్క విడమర్చి చెప్పక్కర్లేదు. కూలేలా వంగి ఉన్న చెట్టయితే దారి పూర్తిగా వేరు. అది ఎండ సమస్య కాదు, ప్రాణం సమస్య. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు, అంటే మనకు మామూలుగా ఆర్డీవో, అలాంటి చెట్టు తొలగించమని ఆదేశించగలరు. అర్జీతో పాటు ఫొటోలు పెట్టండి. కానీ ఎండ కోసం ఆ సెక్షన్‌ని వాడుకుందామని ఆరోగ్యంగా ఉన్న చెట్టుని "కూలుతుంది" అని రాస్తే, వచ్చి చూసినవాళ్ల ముందు అబద్ధం నిలబడదు.

ఎండ తగువే అయితే, సివిల్ కోర్టుకు ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి ఒక అర్జీ పెట్టుకోవడం నాకు సరైన దారనిపిస్తుంది. నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఉన్నాయి. ప్రీ లిటిగేషన్ (దావాకి ముందు) కేసుగా తీసుకుని రెండు పక్షాల్నీ పిలుస్తారు, కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదిరితే లోక్ అదాలత్ అవార్డు సివిల్ డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. పెద్దమనుషుల పంచాయితీలో తెల్లకాగితం మీద రాసుకున్న మాటకి ఆ బలం ఉండదు. పక్కవాళ్లు అసలు రాకపోతే అప్పుడు జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా. అక్కడ ప్లీడరు మొదట అడగాల్సింది కోర్టు తరఫున వచ్చి చూసే అడ్వకేట్ కమిషనర్‌ని. ఆయన వచ్చి కిటికీ, చెట్టు, హద్దు కొలిచి, ఫొటోలతో రిపోర్టు ఇస్తాడు. ఆ తనిఖీ చలికాలంలో జరిగితే రిపోర్టు ఒకలా ఉంటుంది, మే నెలలో జరిగితే ఇంకోలా. తేదీ అడిగేటప్పుడు ఇది గుర్తుండాలి.

రాజీ రాసుకునేటప్పుడు "చెట్లు అప్పుడప్పుడు కత్తిరిస్తాం" అని రాస్తే ఏమీ రాయనట్టే. నేల నుంచి ఎన్ని అడుగులు, ఏ నెలలో, కూలీ ఎవరిస్తారు, కొట్టిన కంప ఎవరు ఎత్తిపోస్తారు, చెయ్యకపోతే ఎన్ని రోజులు చూసి రెండోవాళ్లు చేయించుకోవచ్చు అన్నవన్నీ అంకెల్లో ఉండాలి. లోపలికి వచ్చి కత్తిరించుకోడానికి అనుమతి ఉందో లేదో కూడా రాయాలి, లేకపోతే అక్రమ ప్రవేశం మాట మళ్లీ వస్తుంది. వెలుతురుని మీరు వాళ్ల దయతో, ఒప్పందం మీద అనుభవిస్తున్నట్టు రాస్తే ఆ కాలం 20 ఏళ్ల లెక్కలోకి రాదు. కాబట్టి "అనుమతి ఇస్తున్నాము" అనే మాట కింద సంతకం పెట్టే ముందు ప్లీడరుకి ఒకసారి చూపించండి. ఇంకొకటి, రెండిళ్లలో ఏది అమ్ముడుపోయినా మామూలు కాగితం మీది ఒప్పందం కొన్నవాళ్లను కట్టేయదు. వాళ్లకూ వర్తించాలంటే ఈజ్‌మెంట్ పత్రంగా రాయించి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టర్ చేయించాలి. అప్పుడు ఈసీ (ఆస్తి మీది లావాదేవీల సర్టిఫికెట్) తీసినవాళ్లకి అది కనబడుతుంది, కొనేవాళ్లు చెట్టూ కిటికీ సంగతి తెలిసే కొంటారు.